ఊపితే గలగల, ఫ్రేమ్ చూస్తే ప్లాస్టిక్: కొత్త ఫోన్ చేతికొచ్చిన రోజు ఏం చూడాలి?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాయన కోసం ఇరవై వేల లోపు కొత్త ఫోన్ ఆన్‌లైన్‌లో తెప్పించిన. చూడటానికి అదిరిపోయింది. కానీ ఊపితే లోపల ఏదో గలగలమంటోంది. సైడ్ ఫ్రేమ్ ప్లాస్టిక్ అని మా తమ్ముడు అంటున్నాడు. డబ్బా మీద మిలిటరీ గ్రేడ్, ఐపీ64 అని రాసి ఉంది. వాపస్ చేసే గడువు ఇంకా ఉంది. ఉంచుకోవాలా, పంపించేయాలా? నాయనది పత్తి చేను పని, బైక్ మీద తిరుగుడు.

జవాబు:

తమ్మీ, ముందు ఆ గలగల టెన్షన్ తీసేస్తా. ఫోన్‌లో కెమెరా తెరువు. స్క్రీన్ మీద బొమ్మ కనిపిస్తుండగా మళ్లీ మెల్లగా ఊపి చూడు. శబ్దం ఆగిపోయినా, బాగా తగ్గినా అది లోపం కాదు. ఇప్పుడు ఈ ధరలో కూడా చాలా ఫోన్లకు ఓఐఎస్ ఉన్న కెమెరా వస్తోంది. అంటే, చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చిన్న అయస్కాంతాలు, తీగచుట్టలు కలిసి లెన్సును పట్టుకొని సర్దుతుంటాయి. కెమెరా ఆపి ఉన్నప్పుడు ఆ చుట్టలకు కరెంటు అందదు, లెన్సుకు పట్టు ఉండదు, ఊపితే అటూ ఇటూ తగులుతుంది. నువ్వు విన్నది చాలావరకు అదే అయ్యుంటుంది. ఈ శబ్దం విని కొత్త ఫోన్ పట్టుకొని నల్లగొండలో మా రిపేరు షాపుకు పరుగెత్తుకొచ్చే వాళ్లు చాలామంది ఉంటారు. కెమెరా ఆన్‌లో ఉన్నా అదే చప్పుడు వస్తే, లేదంటే కింద చార్జింగ్ పిన్ వైపు నుంచి, బటన్ల దగ్గర నుంచి వస్తే మాత్రం వదిలిపెట్టకు. లోపల స్క్రూ ఊడి ఉండొచ్చు.

ఓఐఎస్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒకటి చెప్తా. బైక్ హ్యాండిల్‌కు ఫోన్ స్టాండ్ బిగించి దాంట్లో ఫోన్ పెట్టొద్దని నాయనకు చెప్పు. బైక్ ఇంజిన్ వణుకుడు హ్యాండిల్ ద్వారా నేరుగా లెన్సుకు చేరి ఓఐఎస్‌ను, ఆటోఫోకస్‌ను దెబ్బతీయొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే తన వాడకందార్లను హెచ్చరించింది. ఇది ఒక్క ఐఫోన్ సంగతి కాదు, అలాంటి లెన్సు ఉన్న ప్రతి ఫోన్‌ది. జేబులో ఉంటే ఆ వణుకుడు ఒంటికి చేరి చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

ఇప్పుడు ఫ్రేమ్. తమ్ముడు చెప్పింది నిజమే కావచ్చు, నువ్వే తేల్చుకోవచ్చు. మెటల్ ఫ్రేమ్ అయితే పైనా కిందా, మూలల దగ్గర అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి. లోహం సిగ్నల్‌ను ఆపేస్తుంది కాబట్టి యాంటెన్నాల కోసం అక్కడక్కడా లోహాన్ని తెంపి ప్లాస్టిక్ పట్టీ నింపుతారు, ఆ గీతలు అవే. ఫ్రేమ్ చుట్టూ ఎక్కడా గీత లేకుండా ఒకే రంగు సాగిపోతే అది దాదాపు ప్లాస్టికే. పొద్దున్నే ఏసీ, ఫ్యాన్ లేని చోట చెంపకు ఆనించి చూసినా తెలుస్తుంది, మెటల్ చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ అంతగా తగలదు. వెనక ప్యానెల్‌కు కూడా ఇదే పద్ధతి, పైగా గోటితో కొడితే గాజు టిక్కుమని పదునుగా మోగుతుంది, ప్లాస్టిక్ మొద్దుగా పలుకుతుంది. గొరిల్లా గ్లాస్ (ఒక గట్టి గాజు బ్రాండు) అని డబ్బా మీద రాస్తే అది ముందు స్క్రీన్ గురించి మాత్రమే కావచ్చు. వెనకది గాజులా మెరిసే ప్లాస్టిక్ కావడం ఈ ధరలో మామూలే.

అయితే ఫ్రేమ్ ప్లాస్టిక్ అని తెలిసినంత మాత్రాన మోసపోయావని అనుకోకు. చేను పనికి వాడే ఫోన్‌కు మంచి ప్లాస్టిక్ ఫ్రేమ్ నాకు నచ్చుతుంది. ఎందుకంటే మెటల్ ఫ్రేమ్ మూల మీద పడితే సొట్ట పడుతుంది. ఆ సొట్ట లోపలికి చొచ్చుకొచ్చి గ్లాసు అంచును ఒత్తుతూ ఉంటుంది. డిస్‌ప్లే మార్చాలన్నా ముందు ఆ సొట్టను ఆకురాయితో అరగదీయాలి. తొందరలో అలాగే కొత్త డిస్‌ప్లే కూర్చోబెడితే కొన్నాళ్లకు ఆ మూల నుంచే పగులు పాకుతుంది. ప్లాస్టిక్ కొంచెం వంగి దెబ్బను మింగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. దాని కష్టం వేరే. పైన వేసిన మెటల్ రంగు చెమటకు, రాపిడికి చార్జింగ్ పిన్ చుట్టూ, మూలల దగ్గర పొరలు లేస్తుంది. అది చూపుకు బాగుండదు గానీ ఫోన్‌కు ప్రమాదం లేదు. ఇంకో మాట, బయట ప్లాస్టిక్ ఉన్న చాలా ఫోన్లలో కూడా డిస్‌ప్లే కింద లోహపు పలక ఒకటి ఉంటుంది. వంగకుండా కాపాడేది అదే.

మెటల్ అంటే గట్టిది అని కూడా లెక్క వేసుకోవద్దు. 2014లో వచ్చిన ఐఫోన్ 6 ప్లస్ జేబుల్లో వంగిపోయి ఎంత గోల అయిందో గుర్తుండే ఉంటుంది. అది అల్యూమినియమే. మరుసటి ఏడాది 6ఎస్‌కు అల్యూమినియం రకాన్నే మార్చి, 7000 సిరీస్ అనే గట్టి మిశ్రమం వాడారు. 2023లో టైటానియం తెచ్చారు, 2025లో 17 ప్రోకు మళ్లీ అల్యూమినియంకే వచ్చారు. కాబట్టి ఏ లోహం అన్నదాని కంటే ఎంత మందం, లోపల ఎలా కట్టారు, అతుకులు ఎలా ఉన్నాయి అన్నవే చూడాలి.

అతుకుల గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే రివ్యూ వీడియోల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు, మా బల్ల మీదికి వచ్చే ఫోన్ల జాతకం మాత్రం ఇక్కడే ఉంటుంది. కవర్ తీసేసి ఫోన్‌ను కిటికీ వెలుగులో కంటి ఎత్తున అడ్డంగా పట్టుకో. స్క్రీన్‌కు, ఫ్రేమ్‌కు మధ్య సందు నాలుగు వైపులా ఒకేలా ఉందా? ఒక మూల సన్నగా, ఇంకో మూల వెడల్పుగా ఉంటే బిగింపు సరిగా లేనట్టే. తర్వాత కళ్లు మూసుకొని బొటనవేలి గోటిని ఆ సందు వెంట మెల్లగా నడిపించు. గోరు ఒక చోట ఠక్కున తట్టుకుంటే అక్కడ ఒకటి ఎత్తుగా ఉంది. వెనక ప్యానెల్‌కూ అలాగే చేయి. కెమెరా దిబ్బ చుట్టూ తిప్పు. ప్యానెల్ మధ్యలో బొటనవేలితో కొంచెం గట్టిగా నొక్కితే లోపలికి దిగి కిర్రుమంటుందా? ఒక్క చోటే అలా ఉంటే అక్కడ గమ్ సరిగా అంటలేదు. ఫోన్‌ను రెండు చేతుల్తో రెండు చివరలా పట్టుకొని ఒక్క పిసరు మెలితిప్పి చూడు, వంచకు. మంచి బిగింపు ఉన్న ఫోన్ మాట్లాడదు.

స్క్రీన్ చుట్టూ వెంట్రుకంత నల్ల ప్లాస్టిక్ అంచు కనిపిస్తే అది చవకదనం అనుకుంటారు చాలామంది. అది గాజుకూ ఫ్రేమ్‌కూ మధ్య దిండులా పనిచేస్తుంది, ఉంటేనే మంచిది.

అతుకులు ఇంతగా చూడమనడానికి కారణం మన ఎండ. ఇప్పటి ఫోన్లలో వెనక ప్యానెల్‌ను, డిస్‌ప్లేను పట్టి ఉంచేది స్క్రూలు కాదు, గమ్. మేము ప్యానెల్ ఊడదీయాలంటే హీట్ ప్యాడ్ మీద పెట్టి 80 డిగ్రీల దగ్గరికి వేడి చేస్తాం, గమ్ మెత్తబడుతుంది. నల్లగొండలో మే నెలలో బయటే 44, 45 డిగ్రీలు ఉంటుంది. ఆ ఎండలో నిలబెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీదో, ట్రాక్టర్ మీదో, బైక్ ట్యాంక్ మీది నల్ల కవర్‌లోనో ఫోన్ పెడితే అది ఎంత కాలుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. ఒక్క రోజులో ఏమీ కాదు. రెండు మూడు ఎండాకాలాలు అలా గడిస్తే గమ్ పట్టు వదులుతుంది, బ్యాటరీ కూడా ఉబ్బడం మొదలుపెట్టి ప్యానెల్‌ను లోపలి నుంచి నెడుతుంది. ఐఫోన్లను 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఆపిల్ చెబుతుంది. మన దగ్గర ఎండాకాలం ఆ హద్దు పొద్దున పది గంటలకే దాటిపోతుంది.

ఇక గీతలు. మనవైపు దీన్ని తప్పకుండా పట్టించుకోవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేల చాలావరకు గ్రానైటు మీద కూర్చుంది, మీ దేవరకొండ కోట ఉన్న గుట్టలదీ అదే జాతి రాయి. ఆ రాయి కాలం మీద చితికి చెల్క, అంటే ఇసుక కలిసిన ఎర్రనేల అయింది. గ్రానైటులో కొంత భాగం మెత్తబడి మట్టిగా మారుతుంది, పలుగురాయి మాత్రం మారదు. అది అలాగే పదునైన ఇసుక రేణువుగా మిగిలిపోతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలతలో పలుగురాయి 7. ఫోన్ గ్లాసు మీద 6 దగ్గర గీతలు మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా దిగుతాయి. తాళం చెవులు, చిల్లర నాణేలు దానికంటే మెత్తనివి. అందుకే చెవులతో గీకి చూపించే వీడియోల్లో గ్లాసుకు ఏమీ కాదు, అదే ఫోన్ నాయన అంగీ జేబులో ఒక్క నెల ఉంటే గీతలు పడతాయి. గీకింది చెవులు కాదు, జేబు అడుగున కుట్టు సందులో చేరిన మట్టి.

గీత అంటే అందం చెడటం మాత్రమే అయితే నేను ఇంత చెప్పను. ఫోన్ గ్లాసుకు గట్టిదనం ఎలా వస్తుందంటే, గాజు పలకను సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, ఆ ఖాళీల్లో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పై పొర బాగా బిగుసుకుంటుంది. పగులు మొదలవ్వాలంటే ముందు ఆ బిగువును దాటాలి. పలుగు ఇసుక గీసిన లోతు గీత ఆ పొరలో దారి చేసి పెడుతుంది. తర్వాత ఎప్పుడో ఇంట్లో తాండూరు బండల మీద నడుము ఎత్తు నుంచి పడినా అక్కడి నుంచే చీలుతుంది. "ఇంతకుముందు ఎన్నిసార్లు పడ్డా ఏం కాలేదు, ఈసారి చిన్నగా పడితే పోయింది" అని జనం అంటుంటారు కదా, కారణం చాలాసార్లు ఇదే.

కాబట్టి నాయన ఫోన్‌కు టెంపర్డ్ గ్లాస్ తప్పనిసరి. నీది సమతలంగా ఉన్న స్క్రీన్ అయితే మంచిదైంది, ఏ షాపులోనైనా సరైన గ్లాస్ దొరుకుతుంది. 9డీ, 11డీ అని అమ్మే అంకెలకు అర్థమేమీ లేదు. అడగాల్సింది ఒకటే, గమ్ గ్లాసు మొత్తానికి ఉందా, అంచులకే ఉందా అని. అంచులకే ఉంటే మధ్యలో గాలి పొర మిగిలి టచ్ మందగిస్తుంది, పక్కల నుంచి మట్టి దూరుతుంది. పక్కలకు వంగిన స్క్రీన్ ఉన్న ఫోన్లు షోరూములో చాలా అందంగా కనిపిస్తాయి గానీ చేను పనికి నేను వద్దనే అంటాను. వాటికి యూవీ గమ్ (ప్రత్యేక లైటు వేస్తే గట్టిపడే ద్రవ గమ్) గ్లాస్ వేయాలి, ఆ గమ్ జారి స్పీకర్ జాలీలోకి, బటన్ల సందులోకి దిగుతుంది. పగిలితే డిస్‌ప్లే ఖర్చు కూడా ఎక్కువ.

కవర్ విషయం. డబ్బాలో వచ్చిన మెత్తటి కవర్ పర్వాలేదు, కానీ దాని అంచు స్క్రీన్ కంటే, కెమెరా దిబ్బ కంటే కొంచెం ఎత్తుగా ఉండాలి. ఫోన్‌ను బోర్లా పెట్టి చూడు, స్క్రీన్ బల్లకు తగలకూడదు. వెల్లకిలా పెడితే కెమెరా గ్లాసు తగలకూడదు. వారానికి ఒకసారి కవర్ తీసి కడిగి ఆరబెట్టి వేయమను. కవర్‌కూ ప్యానెల్‌కూ మధ్య చేరిన దుమ్ము గరుకు కాగితంలా రోజూ రుద్దుతూనే ఉంటుంది. తీసి చూస్తే కెమెరా చుట్టూ గుండ్రంగా తెల్లటి మచ్చ పడి ఉంటుంది.

మిలిటరీ గ్రేడ్ అన్న మాటకు ఎక్కువ విలువ ఇవ్వకు. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షల పుస్తకం. అందులో ఏ పరీక్షలు చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది, చేయించేదీ కంపెనీయే, సైన్యం ముద్ర వేసి ఇచ్చేదేమీ ఉండదు. అందులోని పేరున్న డ్రాప్ పరీక్ష 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ప్లైవుడ్ పలక మీదికి వేసేది. మన ఇళ్లలో కింద ఉండేది బండలు, వాకిట్లో సిమెంటు రోడ్డు.

ఐపీ64 మాత్రం అర్థం చేసుకుంటే పనికొచ్చే అంకె. మొదటిది దుమ్ము. 6 అంటే లోపలికి దుమ్ము పోదని, అదే అన్నిటికన్నా ఎక్కువ మార్కు. మన చెల్క దుమ్ముకు అది మంచి మాట. ఐపీ54 ఫోన్‌తో పోలిస్తే ఇక్కడే తేడా. రెండో అంకె నీళ్లు. 4 అంటే నలువైపుల నుంచి చిలికే నీళ్లకు ఓర్చుకుంటుంది, అంతే. వానలో మాట్లాడొచ్చు, మునిగితే మాత్రం హామీ లేదు. మునిగినా తట్టుకోవాలంటే ఐపీ67 కావాలి, ఒక మీటరు లోతులో అరగంట అని దాని లెక్క. పై జేబులో ఫోన్ పెట్టుకొని పురుగుమందు డ్రమ్ములోకో, బాయికాడ తొట్టిలోకో వంగినప్పుడు జారి పడటం మేము తరచూ చూసే కేసు. ఆ పరీక్షలన్నీ మంచి నీళ్లతో చేసేవి. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, పురుగుమందు నీళ్లయితే చెప్పే పనే లేదు. ఆరిన తర్వాత చార్జింగ్ పిన్‌లో తెల్లగా పేరుకుంటుంది, ఆ తేమతోనే చార్జింగ్ పెడితే పిన్ లోపలి లోహపు కాళ్లను తినేస్తుంది. నీళ్లు తగిలిన ఫోన్‌ను ఆఫ్ చేసి, పిన్ కిందికి ఉండేలా గాలి తగిలే చోట నిలబెట్టాలి. బియ్యంలో పాతిపెట్టొద్దు, బియ్యం తవుడు పిన్‌లో ఇరుక్కుంటుంది. నీళ్లు పోయి పాడైతే ఐపీ రేటింగ్ ఉన్నా సాధారణంగా వారంటీ ఇవ్వరని ముందే తెలుసుకో. సిమ్ ట్రే బయటికి లాగి చూడు, దాని మెడ చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉండాలి. అది మడతపడి ఉన్నా, తెగి ఉన్నా అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి.

కెమెరా దిబ్బ మీద ఎన్ని రింగులున్నాయో చూసి మురిసిపోకు. ఈ ధరలో మూడు రింగులుంటే పనికొచ్చే కెమెరా తరచూ ఒక్కటే. ఇంకొకటి 2 మెగాపిక్సెల్‌ది, మూడోది ఫ్లాష్ లైటో, ఉత్త అలంకారమో. దిబ్బ పైన గాజు చుట్టూ లోహపు అంచు ఒక పిసరు ఎత్తుగా ఉంటే గాజుకు రక్ష.

నాయన వాడేది కాబట్టి ఈ చివరి పరీక్ష నువ్వు కాదు, ఆయనే చేయాలి. పత్తి తీసే చేతుల్లో వేలి గీతలు అరిగిపోయి, చీరుకుపోయి ఉంటాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక కన్ను చూపించే రైతులు మన ఊళ్లలో ఎంతమందో. ఫోన్ తెరవడానికి స్క్రీన్ కింద ఉండే ఆప్టికల్ వేలిముద్ర సెన్సర్ వెలుగు వేసి వేలికి ఫోటో తీస్తుంది, గీతలు అరిగిన వేలిని అది గుర్తుపట్టడం కష్టం. పక్క బటన్‌లో ఉండే సెన్సర్ కొంత నయం. పని తక్కువ చేసే వేలు, ఎడమ చేతి ఉంగరం వేలు లాంటిది, రెండుసార్లు రిజిస్టర్ చేయి. ఫోన్ ఉంచుకుంటే టెంపర్డ్ గ్లాస్ వేసిన తర్వాత మళ్లీ రిజిస్టర్ చేయాల్సి రావచ్చు. అదే ఫోన్‌ను ఆయన చేతికిచ్చి ఒక్క చేత్తో ఫోన్ ఎత్తి మాట్లాడమను. 210, 220 గ్రాముల ఫోన్లు చెవి దగ్గర పది నిమిషాలు పట్టుకుంటే మణికట్టు లాగుతుంది, అందులోనూ బరువంతా కెమెరా వైపే ఉంటే ముందుకు తూలుతుంది. వాల్యూమ్ బటన్ ఆయన బొటనవేలికి అందుతోందా, నొక్కితే స్పష్టంగా టక్కుమంటోందా చూడు. బటన్ కొంచెం ఊగడం మామూలే, నొక్కినా తెలియకపోవడం మామూలు కాదు. చార్జర్ పిన్ పెట్టినప్పుడు చివర్లో పట్టుకున్నట్టు తెలియాలి. పెట్టిన పిన్‌ను మెల్లగా కదిపితే చార్జింగ్ ఆగుతూ వస్తూ ఉంటే అది కొత్త ఫోన్‌లో ఒప్పుకునే లోపం కాదు.

నా మాట అడిగితే, కెమెరా ఆన్ చేస్తే గలగల ఆగిపోయి, అతుకులు సమంగా ఉండి, పిన్ బిగువుగా ఉంటే ఫోన్ ఉంచుకో. ప్లాస్టిక్ ఫ్రేమ్ ఒక్కటే కారణంగా వాపస్ చేయొద్దు. గలగల ఆగకపోయినా, ప్యానెల్ ఒక చోట లేచి ఉన్నా, పిన్ వదులుగా ఉన్నా ఆలస్యం చేయకు. చాలాచోట్ల గడువు వారం రోజులే ఉంటుంది, పైగా డబ్బు వాపస్ కాకుండా ఫోన్ మార్చి ఇవ్వడం మాత్రమే ఉండొచ్చు, ఆర్డర్ పేజీలో చూసుకో. లోపం కనిపించేలా, శబ్దం వినిపించేలా పగటి వెలుగులో వీడియో తీయి. ఫోన్ డయల్‌లో *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరు, డబ్బా మీది నంబరు ఒక్కటే అని కూడా అదే వీడియోలో చూపించు. ఫోన్ తీసుకుపోవడానికి వచ్చే అబ్బాయి డబ్బా, చార్జర్, కవర్, సిమ్ పిన్ అన్నీ అడుగుతాడు, ఒక్కటి లేకపోయినా వెనక్కి పోతాడు. కాబట్టి తేల్చుకునేదాకా టెంపర్డ్ గ్లాస్ అతికించకు, డబ్బాలోంచి తీసినవేవీ పారేయకు.